ముందు పాప మాట, తర్వాతే బొమ్మ

‘వరల్డ్ ఆఫ్ టుమారో’ నిడివి 17 నిమిషాలు. అందులో మనుషులంటే గుండ్రటి తల, రెండు చుక్కల కళ్లు, సన్నటి గీతల్లో కాళ్లూ చేతులూ. మాట్లాడే ముఖ్యపాత్రలు రెండే. ఒకటి ఎమిలీ అనే పసిపాప. రెండోది ఆ పాపకే మూడో తరం క్లోన్, 227 ఏళ్ల తర్వాతి కాలం నుంచి ఫోన్ చేసిన పెద్దామె. 2015 జనవరిలో సన్‌డాన్స్ చిత్రోత్సవంలో లఘుచిత్రాల గ్రాండ్ జ్యూరీ బహుమతి దీనికే వచ్చింది. మరుసటేడు ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లి, చిలీ దేశపు ‘బేర్ స్టోరీ’ చేతిలో ఓడింది. ఆస్కార్ రాని లఘుచిత్రాన్ని మామూలుగా ఆ వారంలోనే మర్చిపోతారు. దీన్ని మాత్రం యానిమేషన్ నేర్చుకునేవాళ్లు, నేర్పేవాళ్లు ఇప్పటికీ తీసి తీసి చూస్తున్నారు.

సైన్స్ ఫిక్షన్‌కి త్వరగా పాతబడే జబ్బుంది. ఒకప్పుడు తెరమీద నోరెళ్లబెట్టి చూసిన యంత్రం తీరా మన జేబులోకి వచ్చేసరికి ఆ సినిమా నవ్వులాటైపోతుంది. ఈ సినిమాకి ఆ తెగులు సోకలేదు. కథ గొప్పదన్నవాళ్లున్నారు, హాస్యం గొప్పదన్నవాళ్లున్నారు, అందులోని వేదాంతం గొప్పదన్నవాళ్లూ ఉన్నారు. కాదనను. నా లెక్కలో మాత్రం అసలు కిటుకు పని జరిగిన వరసలో ఉంది. దర్శకుడు ఏది ముందు చేశాడు, ఏది తర్వాత చేశాడు అన్నదే ఈ సినిమాని నిలబెట్టింది. కాబట్టి ఆ వరసలోనే నడిచి చూద్దాం. చేసి చూడాలన్న సరదా ఉన్నవాళ్లు ఒక ఫోను, ఒక డ్రాయింగ్ టాబ్లెట్, కబుర్లు చెప్పే ఓ పసిబిడ్డ దగ్గరుంటే వెంటే రావచ్చు.

కథ క్లుప్తంగా ఇదీ. ఎమిలీ ఇంట్లో ఒక యంత్రం మోగుతుంది. పాప తోచిన మీటలు నొక్కుతుంది. తెర మీద క్లోన్ కనిపిస్తుంది. పాపని ‘ఎమిలీ ప్రైమ్’ అని పిలుస్తుంది. తమ కాలంలో డబ్బున్నవాళ్లు ఒక ఒంట్లోంచి ఇంకో ఒంట్లోకి జ్ఞాపకాలు ఎక్కించుకుంటూ బతుకు పొడిగించుకుంటున్నారని చెబుతుంది. తర్వాత పాపని తన కాలానికి రప్పించి, తన బతుకంతా తిప్పి చూపిస్తుంది. అక్కడ భూమిని ఉల్క ఢీకొట్టే రోజు దగ్గరపడింది. చావబోయే ముందు తోడుగా ఉంచుకోవడానికి, తను మర్చిపోయి పాపలో మాత్రం మిగిలి ఉన్న ఒక్క జ్ఞాపకం ఆమెకు కావాలి. అమ్మతో గడిపిన క్షణం అది. ఆ మాట ఆమె చివరిదాకా బయటపెట్టదు.

తీసినవాడు డాన్ హెర్ట్జ్‌ఫెల్ట్. 1976లో కాలిఫోర్నియాలో పుట్టాడు. రాయడం, గీయడం, దర్శకత్వం దాదాపు అన్నీ ఒంటిచేత్తో చేసుకునే మనిషి. ‘రిజెక్టెడ్’ (2000) తో పేరొచ్చింది, దానికీ ఆస్కార్ నామినేషన్ దక్కింది. 2012లో ‘ఇట్స్ సచ్ ఎ బ్యూటిఫుల్ డే’ తీశాడు. అంతవరకూ అతని సరంజామా కాగితం, పెన్సిలు, 1940ల నాటి ఒక పాత 35 ఎం.ఎం. యానిమేషన్ కెమెరా. ఒకే ఫిల్ముని మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి దానిమీదే ఎక్స్‌పోజ్ చేస్తూ, తెరని ముక్కలు ముక్కలుగా నింపుతూ పనిచేసేవాడు. అలాంటివాడు కంప్యూటర్ ముందు కూర్చుని పూర్తిగా డిజిటల్‌గా గీసిన మొదటి సినిమా ఇది. ఆ సంగతి కాసేపు పక్కన పెడదాం. ఎందుకంటే గీత దాకా రావడానికి ఇంకా చాలా పని ఉంది.

మొదటి పని: మాట పట్టుకోవడం

మన సినిమాల్లో ముందు షూటింగు, తర్వాత డబ్బింగు. చిన్నపిల్లల పాత్రలకు పెద్దవయసు డబ్బింగ్ కళాకారిణులు గొంతు సన్నం చేసి చెప్పడం మన చెవులకు అలవాటే. యానిమేషన్‌లో వరస తలకిందులు. ముందు గొంతు రికార్డు చేస్తారు, ఆ గొంతుకి పెదవులు గీస్తారు. అయినా రెండుచోట్లా ఒకటే సూత్రం. డైలాగు రాసిపెట్టి ఉంటుంది, నటి దాన్ని చెబుతుంది.

హెర్ట్జ్‌ఫెల్ట్ ఎమిలీ పాత్రకు ఎంచుకున్నది తన మేనకోడలు వినోనా మేని. అప్పటికి ఆ పాపకు నాలుగేళ్లు. నాలుగేళ్ల పిల్లకి డైలాగు చదివించడం జరిగే పని కాదని అతనికి వెంటనే తెలిసొచ్చింది. చదవడం రాదు. ‘నేను చెప్పింది చెప్పమ్మా’ అంటే చిలకపలుకులా వస్తుంది, అదీ బుద్ధిపుడితేనే. అందుకని ఆ ప్రయత్నమే మానేశాడు. పాపతో కలిసి బొమ్మలు గీస్తూ, ఆడుతూ, ఏవో కబుర్లు చెప్పుకుంటూ రికార్డర్ నడవనిచ్చాడు. పాప ఏం చెబితే అదే సినిమాకి దొరికిన సరుకు.

ఈ పద్ధతి అతను కనిపెట్టింది కాదు. అమెరికాలో జాన్ హబ్లీ, ఫెయిత్ హబ్లీ దంపతులు తమ ఇద్దరు కొడుకులు ఆడుకుంటూ మాట్లాడుకున్న మాటల మీద ‘మూన్‌బర్డ్’ (1959) అల్లారు. దానికి ఆస్కార్ వచ్చింది. తర్వాత కూతుళ్ల మాటలతో ‘విండీ డే’ (1968) తీశారు. ఆ కూతుళ్లలో ఒకరి పేరూ ఎమిలీయే. ఇంగ్లండులో నిక్ పార్క్ మామూలు జనాన్ని ఇంటర్వ్యూలు చేసి, ఆ గొంతుల్ని జూలో జంతువుల మట్టిబొమ్మలకు అతికించి ‘క్రీచర్ కంఫర్ట్స్’ (1989) చేశాడు. వీళ్లందరూ మాటల్లోని సహజత్వాన్ని నమ్ముకున్నారు. హెర్ట్జ్‌ఫెల్ట్ ఇంకో అడుగు ముందుకేశాడు. ఆ సహజమైన మాటని తీసుకెళ్లి, దానికి బొత్తిగా సంబంధం లేని ప్రళయం మధ్యలో పడేశాడు.

మీరు చేయదలిస్తే ఇక్కడ పాటించాల్సినవి కొన్నున్నాయి. ముందుగా బిడ్డ తల్లిదండ్రుల అనుమతి, తర్వాత బిడ్డ ఇష్టం. ఇష్టం లేని రోజు రికార్డర్ తీయకండి. గదిలో సీలింగ్ ఫ్యాన్ ఆపండి. ఫ్యాన్ రొద తర్వాత తుడిపేద్దామనుకుంటారు గానీ దాంతోపాటు పాప గొంతులోని ఊపిరి కూడా పోతుంది. వంటింట్లో కుక్కర్ ఎక్కించే వేళ చూసుకుని దానికి ముందో తర్వాతో కూర్చోండి. మైకు పిల్ల కంటికి బొమ్మలా కనబడకూడదు, కనబడితే కబుర్లు మాని దాంట్లో పాడటం మొదలెడుతుంది. ముందు కాగితాలు, రంగులు పరిచి మీరూ గీయడం మొదలుపెట్టండి. ‘ఇదేంటి?’, ‘తర్వాతేమైంది?’, ‘వాడెక్కడికి పోయాడు?’ లాంటి ప్రశ్నలు పనికొస్తాయి. అవును, కాదు అనే జవాబులొచ్చే ప్రశ్నలు పనికిరావు. అన్నింటికన్నా ముఖ్యం, పాప మాట్లాడాక వెంటనే మీరు మాట్లాడకండి. మీ గొంతు పాప మాట తోక మీద పడితే ఆ ముక్క ఎంత బంగారమైనా వాడుకోలేరు.

రెండో పని: ఏరడం

ఇది ఎవరూ చెప్పని పని. సినిమా నిజంగా పుట్టేది ఇక్కడే అంటాను. రికార్డు చేసిందంతా మొదట్నుంచి చివరిదాకా విని, ప్రతి ముక్కనీ రాసుకోవాలి. ఏ నిమిషంలో, ఏ మాట, ఏ గొంతుతో అన్నదో. అయోమయంగా అందా, గర్వంగా అందా, నిద్రమత్తులో అందా? అచ్చులో ఒకటే అయినా ‘సరే’ అన్న మాట పసినోట పదిరకాలుగా పలుకుతుంది. ఒక ‘సరే’ ఒప్పుకోలు, ఒక ‘సరే’ విసుగు, ఒక ‘సరే’ అసలు వినకుండానే అన్నది.

ఈ మూడోరకం ‘సరే’ విలువ తెలిసినవాడు హెర్ట్జ్‌ఫెల్ట్. సినిమాలో క్లోన్ మరణం గురించి, కాలం గురించి, మానవజాతి అంతం గురించి గడగడా చెప్పుకుపోతూ ఉంటుంది. పాప సమాధానం ఒక పొడి మాట. ఒకచోట క్లోన్ మాటలన్నీ విన్న పాప తను ఇవాళ అన్నం తిన్నానన్న కబురు చెబుతుంది. హాలు నవ్వుతుంది. నవ్వు ఆగేలోగా గొంతులో ఏదో అడ్డం పడుతుంది. ఎందుకంటే ఆ ఇద్దరూ ఒకే మనిషి. ఒకప్పుడు అన్నం తినడమే చెప్పుకోదగ్గ వార్తగా బతికిన పిల్ల 227 ఏళ్లు పోయాక ఇలా తయారైంది. రచయిత టేబుల్ దగ్గర కూర్చుని ఆలోచిస్తే ఆ జవాబు తట్టదు. తట్టినా, ముద్దుగా ఉండాలని రాసిన ముద్దుమాటలా వినిపిస్తుంది. పాప నవ్వించాలనుకోలేదు కాబట్టే ఆ మాట పండింది.

ముక్కల్ని గుట్టలుగా వేరుచేసుకోండి. ప్రశ్నలు ఒకచోట, పేర్లు పెట్టడాలు ఒకచోట, నవ్వులు, మూలుగులు, అర్థంకాని కూతలు ఒకచోట. వాక్యాలకంటే ఈ కూతలే ఎక్కువ అక్కరకొస్తాయి. రెండు ముక్కల్ని అతికించి పాప అనని వాక్యం పుట్టించే వెసులుబాటు ఎడిటింగ్‌లో ఉంటుంది. ఆ వెసులుబాటు వాడుకోకపోవడమే మంచిది. పసిగొంతులో అతుకు చెవికి ఇట్టే దొరికిపోతుంది.

మూడో పని: పెద్దామె మాటలు రాయడం

ఇప్పుడు కాగితం మీద కలం పెట్టాలి. పాప మాటలు కదలవు, అవి తవ్వితే వచ్చిన రాళ్లు. వాటి చుట్టూ గోడ కట్టే పని రచయితది. అంటే జవాబులు ముందే ఉన్నాయి, వాటికి తగిన మాటలు వెతకాలి. మామూలు స్క్రిప్టు రచనకు ఇది సరిగ్గా తిరగేసిన పని.

తెలుగులో ఒక నమూనా చేసి చూపిస్తాను. పాప ఆడుకుంటూ ‘నా చెప్పు ఏదీ?’ అంది అనుకోండి. దాని ముందు ఏం పెట్టాలి? ‘బయటికి వెళదామా, చెప్పులేసుకో’ అని పెడితే అతికినట్టే ఉంటుంది, కానీ చచ్చిన సంభాషణ. ‘మా కాలంలో పోగొట్టుకున్నవాటిని వెతుక్కోవాలంటే ముందు ఆ హక్కు కొనుక్కోవాలి. నాకు ఆ స్తోమత లేదు’ అని పెద్దామె చేత అనిపించండి. వెంటనే పాప: ‘నా చెప్పు ఏదీ?’ ఇప్పుడు ఆ ప్రశ్న సరదాగానూ ఉంటుంది, గుచ్చుకుంటుంది కూడా. పాప పెద్దామె మాట వినలేదు. అయినా జవాబు చెప్పింది. ఈ తమాషాయే సినిమా పొడవునా నడుస్తుంది.

పెద్దామె మాటతీరు కుదరడం కూడా అంతే ముఖ్యం. క్లోన్‌కి గొంతునిచ్చింది జూలియా పాట్. ఆమె స్వతహాగా యానిమేటర్, ‘సమ్మర్ క్యాంప్ ఐలాండ్’ సీరీస్ సృష్టికర్త. ఏడుపు, నవ్వు, ఎత్తుపల్లం ఏదీ లేకుండా ఒకే శ్రుతిలో చెప్పుకుపోతుంది. క్లోన్ల మీద క్లోన్లుగా నకలు తీసీ తీసీ ఆమెలో ఏదో అరిగిపోయిందని వివరించకుండానే తెలుస్తుంది. వాడే భాష మన ప్రభుత్వ ఉత్తర్వుల భాషకు దగ్గర. ‘నాకు బాధేసింది’ అనదు. తను ఫలానా స్థితిలో ఉన్నట్టు నివేదించినట్టు మాట్లాడుతుంది. చెప్పే సంగతి ఎంత దుఃఖమైనదైతే వాక్యం అంత పొడిగా ఉంటుంది. రచయితలు తరచు జారిపడేది ఇక్కడే. పాత్ర బాధలో ఉందంటే మాటలో తడి నింపేస్తారు. తడి ప్రేక్షకుడి వంతు, అతనికి వదిలెయ్యాలి.

నాలుగో పని: భవిష్యత్తుని కట్టడం

ఇంతవరకూ యంత్రాల ఊసు రాలేదు. రాకూడదు కూడా. సైన్స్ ఫిక్షన్ తీస్తామని బయల్దేరేవాళ్లు ముందు ఎగిరే కార్లు గీసుకుంటారు. ఇక్కడ భవిష్యత్తు అంతా గొంతుల తర్వాత వచ్చింది. ప్రతి కొత్త యంత్రానికీ ఒక పాత బాధ జోడించి ఉంటుంది.

చంద్రుడి మీద రోబోల సంగతి చూడండి. క్లోన్ కొన్నాళ్లు అక్కడ వాటి పర్యవేక్షకురాలు. అవి సౌరశక్తితో నడుస్తాయి. ఎండలో ఉంటేనే బతుకు. అందుకని వాటికి చావంటే భయం నేర్పారు, భయపడి ఎప్పుడూ వెలుతురు వైపే కదులుతుంటాయని. పని అయిపోయింది, మనుషులు వెళ్లిపోయారు. భయం మాత్రం వాటిలో ఉండిపోయింది. చీకటి వెంట తరుముతుంటే చంద్రుడి చుట్టూ నడుస్తూనే ఉన్నాయి. అంతటితో ఆగక కవిత్వం రాసి పంపుతుంటాయి, దిగులు కవిత్వం. ఇందులో సాంకేతిక వివరం ఒక్కటే, సోలార్ ప్యానెల్. మిగతాదంతా మనిషి గోడు. ఇంకో వందేళ్లకు సోలార్ ప్యానెల్ మ్యూజియంలో చేరినా ఈ ముక్క పాతబడదు.

మ్యూజియం అంటే గుర్తొచ్చింది. డేవిడ్ అనే మెదడు లేని క్లోన్‌ని గాజుగొట్టంలో పెట్టి, పుట్టుక నుంచి ముసలితనం దాకా ప్రదర్శనకు ఉంచుతారు. జనం వచ్చి చూసిపోతుంటారు. చిన్నప్పుడు చూసిన ఎమిలీ క్లోన్ అతన్ని ప్రేమిస్తుంది. తర్వాత చంద్రుడి మీద ఒక రాయిని, ఒక ఇంధనం పంపుని, ఒక గ్రహాంతరవాసిని కూడా ప్రేమిస్తుంది. చెబితే పిచ్చిగా ఉంటుంది. తెర మీద చూస్తుంటే మాత్రం, ప్రేమించడానికి అవతల మనిషి లేకపోతే మనసు ఏదో ఒకదాన్ని వెతుక్కుంటుందన్నది ఎంత సూటిగా అర్థమవుతుందో!

డబ్బున్నవాళ్లకొక భవిష్యత్తు, లేనివాళ్లకొకటి. చావు తప్పించుకోవడానికి మనసుని చిన్న డబ్బాలోకి ఎక్కించుకునేవాళ్లున్నారు. అలా డబ్బాలో చేరిన తాతగారి దగ్గర్నుంచి ఉత్తరాలు వస్తుంటాయి, వాటినిండా భయంతో పెట్టిన కేకలే. తక్కువ ధరకు కాలప్రయాణం కొనుక్కున్నవాళ్లు లెక్కతప్పి భూమికి పైన ఆకాశంలో తేలి, కాలుతూ కిందికి రాలతారు. కింది నుంచి చూస్తే తోకచుక్కల వానలా అందంగా ఉంటుంది. ఆ దృశ్యాన్ని హెర్ట్జ్‌ఫెల్ట్ ఎక్కువసేపు నిలవనివ్వడు. ఇంకొకరైతే అక్కడే ఆగి సంగీతం పెంచేవాళ్లు.

ఐదో పని: గీయడం

ఇప్పుడు టాబ్లెట్ తీయొచ్చు. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలబెట్టడం యానిమేటర్ల అలవాటు. అంటే సెకనుకు 12 బొమ్మలు, 17 నిమిషాలకు 12,240. ఇది పైపై లెక్క. కదలని పాత్రకు కొత్త బొమ్మ అక్కర్లేదు, నడిచే కాళ్లను తిప్పి తిప్పి వాడుకోవచ్చు. అయినా ఒక్క మనిషికి ఎంత చాకిరీయో తెలియడానికి ఈ అంకె చాలు. గీతల మనుషుల్ని ఎంచుకోవడానికి ఇదొక్కటే కారణమని కొట్టిపారేయకండి. ముఖం మీద రెండు చుక్కలే ఉన్నప్పుడు ప్రేక్షకుడు ముఖం చూడటం మానేసి గొంతు వింటాడు. ఈ సినిమాలో నటన అంతా గొంతుల్లో ఉంది. బొమ్మ అడ్డం రాకుండా తప్పుకుంది.

మనిషిలో పొదుపు చేసినదంతా వెనక తెరల మీద ఖర్చుపెట్టాడు. పొరలు పొరలుగా వేసిన రంగులు, కోణాలు, మిణుకుమనే చుక్కలు, ఏ వస్తువో తెలియని ఆకారాలు. క్లోన్ పాపని ఆ కాలపు ఇంటర్నెట్ లాంటి ‘అవుటర్‌నెట్’లోకి తీసుకెళ్లే ఘట్టంలో తెర పూర్తిగా అమూర్త చిత్రకళలోకి మారిపోతుంది. భవనాలు, వీధులు, వాహనాలు గీసి ఉంటే ఈపాటికి అవి 2015 నాటి ఊహలని తెలిసిపోయేది. త్రిభుజానికి కాలదోషం ఉండదు. కాగితం, కెమెరాల్లో చెయ్యి తిరిగినవాడు డిజిటల్‌కి మారినప్పుడు సాఫ్ట్‌వేర్ ఇచ్చే నునుపు చూసి మురిసిపోతాడేమోనని అనుమానించాను. గీత మాత్రం అదే గీత. కెమెరాతో చేయలేని లోతు కోసమే కంప్యూటర్ని వాడుకున్నాడు.

తెలుగువాళ్లకు ఇక్కడ ఒక ముచ్చట. యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్ పనికి హైదరాబాద్ దేశంలోనే పెద్ద కేంద్రం. ‘ఛోటా భీమ్’ పుట్టింది ఈ ఊళ్లోనే. చేతి నైపుణ్యానికి లోటు లేదు, పగలూ రాత్రీ బయటి దేశాల షాట్లు చేసిపెట్టే కుర్రాళ్లు వేలమంది ఉన్నారు. సొంత కథ చేద్దామని కూర్చున్నప్పుడు మాత్రం మొదట సాఫ్ట్‌వేర్ తెరుస్తారు, తర్వాత పాత్ర రూపం, చివర్లో హడావుడిగా ఎవరిచేతనో గొంతు. ఈ వరస ఒక్కసారి తిప్పి చూడమని నా మనవి.

కదిలే బొమ్మ మొదలుపెట్టే ముందు యానిమాటిక్ తప్పదు. అంటే కదలని చిత్తు బొమ్మల్ని గొంతుల మీద పరిచి, సినిమా మొత్తాన్ని ఒకసారి నడిపి చూసుకోవడం. కళ్లు మూసుకుని గొంతులు మాత్రం వినండి. అప్పుడూ కథ అర్థమై, నవ్వొచ్చి, ఒకచోటైనా మనసు కలుక్కుమంటే గీయడం మొదలుపెట్టండి. లేదంటే మళ్లీ రెండో పనికి వెళ్లాలి. గీతతో మాటని కాపాడుకోవచ్చనుకుంటే పన్నెండు వేల బొమ్మల తర్వాత తెలుస్తుంది.

ఆరో పని: చప్పుళ్లు, సంగీతం, కోత

దీని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. యంత్రాల గుర్రుమనే రొద, ఫోను బీప్‌లు, దూరపు హోరు. వాటి మీద జర్మన్ స్వరకర్త రిచర్డ్ స్ట్రాస్ ‘డెర్ రోజెన్‌కవలియర్’లోని వాల్ట్జ్. పాత బాణీ కావడం వల్ల రెండు లాభాలు. సింథసైజర్ శబ్దంతో భవిష్యత్తు అని చాటుకునే అవస్థ తప్పింది. పైగా ఆ సంగీతం గడిచిపోతున్న కాలాన్ని తలచుకుని ఒక స్త్రీ దిగులుపడే ఆపెరాలోది. తెలిసినవాళ్లకు ఆ పోలిక అందుతుంది, తెలియనివాళ్లకు తియ్యటి పాత పాటలా వినిపిస్తుంది.

కోతలో ఒక్క విషయం. క్లోన్ వచ్చిన అసలు పని చివరిదాకా దాచడం. అప్పటిదాకా చూసిందంతా ఒక వింత ప్రపంచ యాత్ర అనుకుంటాం. జ్ఞాపకం తీసుకోవడానికొచ్చిందని తెలిసిన క్షణాన, ముందు చూసిన ప్రతి ఘట్టం అర్థం మార్చుకుంటుంది. ఆ చివరి నిమిషాల్లో క్లోన్ ఇచ్చే సలహా ఒకటుంది. చిన్నాచితకా విషయాల కింద రోజుల్ని పారేసుకోవద్దని, బతికి ఉన్న ఈ క్షణాన్ని చూసి చచ్చినవాళ్లంతా అసూయపడతారని. విడిగా చదివితే ఈ సలహా గోడకు అంటించుకోదగ్గ సూక్తి. సినిమాలో మాత్రం వింటున్న పాప దాన్ని చెవిన పెట్టదు. ఆ సలహా పాటించాల్సిన అవసరమే లేని మనిషి ఆ గదిలో తనొక్కతే కదా. తర్వాత పాపను తిరిగి పంపడంలోనూ యంత్రం తడబడి మంచు కురిసే ఏదో కాలంలో కాసేపు దింపుతుంది. పాప కంగారుపడదు. ఇల్లు చేరుతుంది.

ఇలాంటి సినిమా ఇంతకుముందూ ఒకటుంది. ఫ్రెంచి దర్శకుడు క్రిస్ మార్కర్ 1962లో ‘లా జెటే’ తీశాడు. కాలప్రయాణం, ఒక చిన్ననాటి జ్ఞాపకం, అంతమైపోయిన ప్రపంచం. 28 నిమిషాల సినిమా దాదాపు అంతా నిశ్చల ఛాయాచిత్రాలే. ఇంత తక్కువ సరంజామాతో తీసిన ఆ సినిమా అరవై ఏళ్లు దాటినా నిలబడింది. ‘వరల్డ్ ఆఫ్ టుమారో’ని నేను దాని పక్కన పెడతాను. ఆ వరసలో పెట్టదగ్గ ఇంకో యానిమేషన్ లఘుచిత్రం నాకు వెంటనే గుర్తురావడం లేదు.

పద్ధతికి పరీక్ష

ఒకసారి కుదిరింది అదృష్టమేమో అనేవాళ్లకు 2017లో జవాబు దొరికింది. ‘ది బర్డెన్ ఆఫ్ అదర్ పీపుల్స్ థాట్స్’ పేరుతో రెండో భాగం వచ్చింది, 22 నిమిషాలు. వినోనాకి రికార్డింగు నాటికి ఐదేళ్లు. ఒక్క ఏడాదే తేడా. కానీ నాలుగేళ్లప్పుడు చిన్న చిన్న జవాబులిచ్చిన పిల్ల ఐదేళ్లకు పొడుగాటి కథలు అల్లడం నేర్చింది. ఒకదాన్నుంచి ఇంకొకదానికి గెంతుతూ, మొదలూ చివరా లేకుండా. మొదటి సినిమాకి వాడిన గోడ కట్టే పద్ధతి దీనికి చాలదు, రాళ్లు బాగా పెద్దవి. అందుకని కథనే మార్చుకున్నాడు. ఈసారి వచ్చిన క్లోన్, పాప ఒకరి మనసులోకి ఒకరు వెళతారు. మనసు లోపల కథకు తర్కం అక్కర్లేదు, పాప ఎటు గెంతితే కథ అటు గెంతొచ్చు. సరుకు మారితే పనిముట్టు మార్చుకున్నాడన్నమాట. ఈ రెండో భాగం మొదటిదానికంటే చిక్కగా ఉంటుంది, అంత తేలిగ్గా మనసుకెక్కదు. నా ఓటు మొదటిదానికే. 2020లో వచ్చిన మూడో భాగం 34 నిమిషాలు, డేవిడ్ కథ. అక్కడ పాప గొంతు మీద ఆధారపడే పద్ధతి వదిలేసి ఇంకో దారి పట్టాడు. అది వేరే వ్యాసానికి సంబంధించిన సంగతి.

విడుదల విషయంలోనూ అతను ఎవరికోసమూ ఆగలేదు. చిత్రోత్సవాల్లో చూపించి, నెలల వ్యవధిలోనే విమియోలో అద్దెకు పెట్టేశాడు. తర్వాత బ్లూరే కోసం జనం దగ్గరే చందాలు పోగుచేశాడు. యూట్యూబ్ లఘుచిత్రాలు మనకు కొత్తకాదు కాబట్టి ఈ భాగం విడమరచి చెప్పక్కర్లేదు. ఒక్క తేడా, అతను చూసినందుకు డబ్బు అడిగాడు. జనం ఇచ్చారు.

చేయబోయేవాళ్లకు చివరి మాట. రికార్డు చేసిన అసలు ఫైలుని ముట్టుకోకండి, నకలు తీసి దానిమీదే కోతలు కోయండి. అసలు ఫైళ్లు రెండు వేర్వేరు చోట్ల దాచండి. సాఫ్ట్‌వేర్ ఎప్పుడైనా నేర్చుకోవచ్చు, టాబ్లెట్ వచ్చే ఏడాది కొనుక్కోవచ్చు. ఇంట్లో నాలుగేళ్ల బిడ్డ ఉంటే మాత్రం రికార్డింగు ఈ ఆదివారమే పెట్టుకోండి. ఐదేళ్లు నిండేసరికి ఆ మాటతీరు మారిపోతుంది.